ఆమెకే తెలిసే తీపి

వదిన ముంజేతి మీద చుక్క ఎర్రగా ఉంది. హైదరాబాదు ప్రయోగశాలలోని యంత్రం మాత్రం ఆ చుక్క పచ్చబడి నెల దాటిందని చెబుతోంది. ఫోనులో అమ్మ చెప్పిన ఆ ఎరుపుకూ, యంత్రం చెప్పే పచ్చకూ డాక్టర్ చిలివేరి చందనకు పొంతన కుదరలేదు. ఎక్కడ తేడా వచ్చిందో కళ్లారా చూద్దామనే ఆమె ఆ ఉదయం నారాయణపేట బస్సెక్కి అన్నా వదినల ఇంటికి వచ్చింది.

అది ఆమె తయారు చేసిన వస్తువే. పేరు ఊట. బియ్యపు గింజంత ఉంటుంది. కాన్పయ్యాక దాన్ని తల్లి ముంజేతి చర్మం కింద పెడతారు. అక్కడ కూర్చుని అది ఆమె రక్తాన్ని చదువుతూ, ఆ వివరాలు ప్రయోగశాలకు పంపుతూ ఉంటుంది. పోయిన నెత్తురు తిరిగి పట్టిందా, గర్భసంచి మానిందా, ఎముకల్లో సత్తువ నిండిందా అని చూస్తుంది. ఇవన్నీ కుదుటపడేదాకా కాస్త కాస్తగా మందు విడుస్తూ మళ్లీ గర్భం రాకుండా కాపాడుతుంది. కుదుటపడ్డాక తనంతట తానే మందు ఆపేసి, చర్మం మీద కనిపించే ఎర్ర చుక్కను పచ్చగా మారుస్తుంది. తోడేసిన బావిలో నీళ్లు ఊరనిచ్చి కానీ మళ్లీ చేద వెయ్యకూడదని చందన నాయనమ్మ అంటుండేది. పేరు ఆ మాటలోంచే వచ్చింది.

నారాయణపేట చుట్టుపక్కల పల్లెల్లో కొన్నేళ్లుగా ఊట మీద ప్రయోగం సాగుతోంది. ఆ పల్లెల్లో కాన్పులో తల్లులు చనిపోవడం ఆగిపోయింది. నెలలు నిండకుండా పుట్టే పిల్లలు తగ్గారు. అంగన్‌వాడీ తక్కెడలో పిల్లల బరువు పెరిగింది. దేశమంతటా కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఊటను చేర్చాలని ఢిల్లీలో నిర్ణయమైంది. ప్రారంభోత్సవానికి తేదీ కూడా పెట్టారు.

వదిన నవనీత మగ్గం దగ్గర ఉంది. ఆమె కూతురు మేఘన పక్కనే నూలు పోగులతో ఆడుకుంటోంది. చందన వదిన చెయ్యి అందుకుని, చుక్క మీద స్పిరిట్ దూదితో తుడిచింది. దూదికి ఎరుపు అంటింది. కింద పచ్చ చుక్క తళుక్కుమంది.

"ఇదేంది వదినా?"

నవనీత చెయ్యి వెనక్కి లాక్కుంది. వాకిట్లో జొన్నలు చెరుగుతున్న అత్త భారతమ్మకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"నూలుకద్దే రంగు. పచ్చబడ్డది మల్ల ఎర్రగైందని ఇంట్ల చెప్పి, రోజూ తానం చేసినంక పెట్టుకుంటున్న."

"ఎందుకు?"

"ఎర్రగుంటెనే ఇంట్ల ఎవ్వరేమనరు గనుక." నవనీత పోగుల మధ్య ఆడించే నాడెను పక్కన పెట్టింది. "ఎర్రగున్నన్ని దినాలు మీ అమ్మ నన్ను కాలు కింద పెట్టనియ్యలే. బరువెత్తకు, పాలు తాగు, పండుకో అని ఎంబడి పడేది. పచ్చబడ్డనాడు పాయసం వండింది. మర్నాటి సంది మనుమడు ఎప్పుడని మొదలుబెట్టింది."

"నీకిష్టం లేదని చెప్పకపోయినవా?"

"చెప్పిన. మీ అన్నకు చెప్పిన, అత్తమ్మకు చెప్పిన. పెయ్యిల నెత్తురు పట్టి మంచిగైందని మిషనే చెప్తున్నది, ఇంకేం కష్టమే నీకు అన్నరు. ఇంతకుముందైతే నీరసమనో నడుం నొప్పనో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ సాకు గూడ లేకుంట చేసినవ్ నువ్వు."

చందన మగ్గం మీది అంచు వైపు చూసింది. "అంచుల డిజైన్ నేర్చుకుంటున్నవ్ గద, దాని కోసమా?" అంది.

"గదొక్కటే గాదు. ఇప్పుడు వద్దనిపిస్తున్నది. గంతే. దానికి గూడ కారణం చూపియ్యాల్నా?" నవనీత తెగిన పోగొకటి అందుకుని ముడేసింది. "నిన్నొక్కటి అడుగుత చందనా. ఆ చుక్క ఎవరి కోసం పెట్టినవ్?"

"నీ కోసమే."

"నా కోసమైతే అందరికి కనిపిచ్చేటట్టు ఎందుకు పెట్టినవ్?"

భోజనాల దగ్గర చందన, కోడలిని ఎందుకు తొందరపెడుతున్నవని తల్లిని నిలదీసింది. భారతమ్మ చిన్నబుచ్చుకుంది. "నేనేం తప్పు చేసిన బిడ్డా? నువ్వు చెప్పిందే నేను చెప్తున్న. పచ్చబడితె రడీ అన్నట్టని నువ్వే గద ఊరందరి ముంగట చెప్పినవ్." అన్న విఠల్ కంచంలోంచి తల ఎత్తలేదు.

చందన అక్కడితో ఆగలేదు. ఆరోగ్య కార్యకర్త నాగమణిని వెంటబెట్టుకుని ప్రయోగంలో ఉన్న పల్లెలన్నీ తిరిగింది. ఈసారి యంత్రం చూపే అంకెలు చూడలేదు, చేతులు చూసింది. మండే ఎండల్లో మోచేతులు దాటిన జాకెట్లు వేసుకున్నవాళ్లు కనిపించారు. చుక్క మీద పసుపు పట్టించినవాళ్లు, గాయమని చెప్పి గుడ్డ చుట్టుకున్నవాళ్లు కనిపించారు. ఒకామె చుక్కను కలుపుకుని ఏకంగా తేలు బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకుంది. మరో ఇంట్లో, చుక్క పచ్చబడ్డ నెలకే గర్భం వచ్చిన పడుచు గడపలో కూర్చుని ఉంది. ఎట్లున్నవమ్మా అని చందన అడిగితే ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"పెయ్యి మంచిగనే ఉన్నది మేడం. మీ మిషన్ మంచిదే."

ఆ మాట చందనకు హైదరాబాదు చేరేదాకా చెవుల్లో మోగింది.

ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ ముజఫ్ఫర్ ఆమె చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నారు. ఆ ఏడాదే ఆయన పదవీ విరమణ. ఊట ప్రారంభోత్సవం రోజున ఢిల్లీలో ఆయనకు సన్మానం జరగబోతోంది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మనం ఒంటిని అడిగినం బేటా. మనిషిని అడగలేదు."

"చుక్క తీసేయాలి సర్. మందు దానంతటది ఆగకూడదు. ఆమె చెబితేనే ఆగాలి. మళ్లీ మొదటి నుంచి చేయాలి."

"ప్రారంభోత్సవం?"

"ఆపాలి."

ఆయన అద్దాలు తుడిచి పెట్టుకున్నారు. "ఢిల్లీకి టికెట్లు తియ్యి. నేను గూడ వస్త. ఈ మాట నువ్వొక్కదానివే చెప్పాల్సిన అవసరం లేదు."

ఢిల్లీలో ఆ కార్యక్రమం చూసే అధికారిణి వైదేహి కృష్ణా జిల్లా మనిషి. పని పట్ల పట్టుదల ఉన్నదని పేరు. చందన మాట పూర్తికాకముందే ఆమె ముఖం ఎర్రబడింది.

"చుక్క ఇప్పటికి అలాగే ఉండనివ్వండి. ముందు మొదలుపెడదాం. తర్వాత మార్చుకోవచ్చు."

"తర్వాత మారదండీ. చుక్క చూడటానికి అలవాటు పడ్డ ఇల్లు, చుక్క లేకపోతే ఊరుకోదు."

"చందన గారూ, నా చెల్లెలు రెండో కాన్పులో పోయింది. మొదటి పిల్లకి అప్పటికి ఇంకా నడకైనా రాలేదు. అందుకే నేను అడిగి మరీ ఈ పనిలోకి వచ్చాను. మీరు ఆపిన ప్రతి నెలా ఎక్కడో ఒక తల్లి పోతుంది. అది తెలిసే అంటున్నారా?"

చందన తను తెచ్చిన కాగితాలు మూసింది. "తెలిసే అంటున్నానండీ. ప్రాణం కాపాడి, ఆమె మాటకు విలువ లేకుండా చేసే వస్తువును దేశమంతటికీ ఇవ్వలేను."

ప్రారంభోత్సవం వాయిదా పడింది. ప్రయోగం విఫలమైందని కొన్ని పత్రికలు రాశాయి. చుక్క చూసి పల్లెటూరి ఆడవాళ్లు భయపడ్డారని మరికొన్ని ఎగతాళి చేశాయి. ప్రయోగశాలలో సగం మంది వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ముజఫ్ఫర్ పదవీ విరమణ చేసిన మర్నాడు కూడా మామూలుగానే టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఎవరూ ఆయన్ను ఎందుకొచ్చారని అడగలేదు.

మందు ఆపే సంగతి త్వరగానే తేలింది. ఒంటికి సత్తువ వచ్చినా ఊట మందు విడుస్తూనే ఉంటుంది. ఆమె కావాలనుకుంటే ఒక బిళ్ల మింగాలి. అప్పుడే ఆగుతుంది. వద్దనుకుంటే అలాగే ఉంటుంది. చిక్కల్లా కబురు చేరవేయడం దగ్గరే వచ్చింది. నీ ఒళ్లు కుదుటపడిందని ఆ ఒక్క మనిషికే ఎలా చెప్పాలి? ఫోనుకు పంపితే చాలా ఇళ్లలో ఆ ఫోను మగవాళ్ల చేతిలో ఉంటుంది. గింజ చర్మం కింద అదిరేలా చేస్తే, పక్కన పడుకున్న మనిషికీ తెలుస్తుంది. ఏం చేసినా ఎవరో ఒకరి కంటికో చెవికో చిక్కుతూనే ఉంది.

మరుసటి ఏడు వానలు పడుతున్న రోజుల్లో నాగమణి ఫోన్ చేసింది.

"మేడం, తుమ్మలకుంట శ్యామల యాదికున్నదా? మీరొచ్చినప్పుడల్లా మా ఊరికెప్పుడు వస్తదని అడిగేది."

చందనకు గుర్తుంది. తుమ్మలకుంట ప్రయోగంలో లేని ఊరు. ప్రారంభోత్సవం అయ్యాక అక్కడికే ముందు తెస్తామని ఆమె తన నోటితో చెప్పింది. శ్యామల వెంటవెంటనే మూడో కాన్పుకు వచ్చింది. నెత్తురు ఆగలేదు. ఆసుపత్రికి చేరేసరికే ఆలస్యమైంది.

చందన వెంటనే తుమ్మలకుంటకు బయలుదేరింది. నారాయణపేటలో బస్సు దిగగానే తల్లి ఎదురొచ్చింది. "ఒక్కదానివి పోకు. నేను గూడ వస్త" అంది భారతమ్మ.

శ్యామల ఇంట్లో ఆమె అత్త పసిబిడ్డకు గిన్నెలో పాలు పెట్టుకుని దూదితో పిండుతోంది. పెద్దపిల్లలిద్దరూ గోడకు ఆనుకుని చూస్తున్నారు. భారతమ్మ వెళ్లి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. ఆ అత్త ఎవరినీ చూడకుండా తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది.

"వద్దన్నది. నాతోని గాదు అత్తమ్మా, ఇప్పుడొద్దు అన్నది. మేమే ఇనకపోతిమి. ఇంతమందిమి ఇంట్ల ఉండి ఒక్కల్లం ఇనకపోతిమి."

భారతమ్మ బిడ్డ తల నిమురుతూ నిమురుతూ ఆగిపోయింది. తిరిగొచ్చి ఆటో దిగాక, తమ ఇంటి వాకిట్లోనే నిలబడి కూతురితో చెప్పింది. "నీ ఎనక నాకొక పిల్లగాడు పుట్టి పోయిండు బిడ్డా. నీకు చెప్పలే. నువ్వింక చంకల ఉన్నవ్ అప్పటికి. నాకు గూడ ఒద్దనే ఉండె. నన్నెవరడిగిండ్రు?"

ఆ సాయంత్రం చందన వదిన దగ్గర మగ్గం గుంట అంచున కూర్చుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. నవనీత నేత ఆపి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"నా మాట ఇని నువ్వు ఆపినందుకె ఆమె పాయె అనుకుంటున్నవా?"

"అవును."

"నేను గూడ గదే అనుకుంటున్న. పొద్దటి సంది అన్నం పోతలేదు." నవనీత కొంగుతో తన కళ్లు తుడుచుకుంది. "మరి ఇద్దరం ఏడ్చుకుంట కూసుంటె ఇంకొక శ్యామల ఆగుతదా? నువ్వు పోయి పని చెయ్యి. కొత్తది తయారైతె ముందుగాల నాకు పెట్టు. మిగిలినోళ్లను నేను జమ చేస్త. మగ్గాల ఆడోళ్లంత నా మాట ఇంటరు."

హైదరాబాదు తిరిగొచ్చాక చందనకు జ్వరం తగిలింది. వీధి చివరి చిన్న ఆసుపత్రిలో నర్సు ఆమె చేతి నరానికి విటమిన్ సూది ఇస్తోంది. సూది ఇంకా తీయనేలేదు, చందన నాలుక మీద వెల్లుల్లి ఘాటు తగిలింది. నోట్లో ఏమీ లేదు.

"నోరు వెల్లుల్లి తిన్నట్టుంది సిస్టర్."

"చాలామందికి అట్లే అనిపిస్తది మేడం. ఒక్క నిమిషం, పోతది."

చందన మంచం మీద లేచి కూర్చుంది. చేతిలోకి ఎక్కిన మందు నెత్తురులో కలిసి నాలుకదాకా వచ్చింది. రుచి తనకు తెలిసింది. ఎదురుగా నిలబడి తన ముఖమే చూస్తున్న నర్సుకు తెలియలేదు.

జ్వరం పూర్తిగా తగ్గకముందే ఆమె ప్రయోగశాలలో ఉంది. ఏ హానీ చేయని, నాలుకను మాత్రం మాయ చేసే పదార్థం కోసం వెతుకులాట మొదలైంది. వెళ్లిపోయినవాళ్లలో కొందరు సంగతి విని తిరిగొచ్చారు. ఒకటి మరీ చేదైంది. ఒకటి అన్నం రుచి కూడా చెడగొట్టింది. చివరికి ఒకటి కుదిరింది. ఒళ్లు కుదుటపడ్డాక ఊట చుక్క చూపదు, ప్రయోగశాలకూ కబురు పంపదు, దీన్ని మాత్రం నెత్తురులోకి విడుస్తుంది. అది నెత్తురులో ఉన్నప్పుడు ఏం తిన్నా తేడా తెలియదు. మంచినీళ్లు తాగితే మాత్రం ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టు తియ్యగా ఉంటాయి. ఉదయం మొదటి గుక్కకు ఆ తీపి బాగా తెలుస్తుంది.

ముందుగా తమ మీదే చూసుకున్నారు. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఎవరికి ఆ పదార్థం ఎక్కించారో, ఎవరికి ఉత్త సెలైన్ ఎక్కించారో వాళ్లకే తెలియదు. మంచినీళ్ల గ్లాసులు ఎత్తి తాగారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎంత చూసినా ఎవరి నోట్లో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు. అంతలో ముజఫ్ఫర్ గ్లాసు దించి, రెండో గ్లాసు నింపుకున్నారు.

"ఇరవై ఏళ్ల నుంచి షుగర్ బేటా నాకు. ఇంత తియ్యటి నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో. మా బేగంకు మాత్రం చెప్పకండి."

నవ్వులతో గది నిండిపోయింది. ఆ నవ్వుల్లోనే చందన కళ్లు చెమర్చాయి. ఆమె వాటిని దాచుకోలేదు.

కొత్త ఊటను నారాయణపేటలో అందరికంటే ముందు నవనీతే పెట్టించుకుంది. తానిచ్చిన మాట ప్రకారం మగ్గాల ఇళ్లు తిరిగి ఆడవాళ్లను కూడగట్టింది. నాగమణి పక్కన నిలబడి వాళ్లకు తానే చెప్పేది. "నీళ్లు తియ్యగైతె మీ పెయ్యి మంచిగైందన్నట్టు. గంతే. కనాలె అని గాదు. బిళ్ల మింగుతరో లేదో మీ ఇష్టం. ఎవరికన్న చెప్తరో లేదో గది గూడ మీ ఇష్టం." పాత చుక్కలున్నవాళ్లంతా వచ్చి తీయించుకున్నారు. తేలు బొమ్మ ఆమె కూడా వచ్చింది. బొమ్మను మాత్రం ఉంచుకుంది, బాగుందని.

తుమ్మలకుంటలో శ్యామల అత్త తన చిన్నకోడలిని తీసుకొచ్చింది. పని అయ్యేదాకా ఆమె గది బయటే నిలబడింది. లోపలికి రమ్మని నాగమణి పిలిస్తే రానంది. "అది ఆమె సంగతి. నేనెందుకు?" అంది.

ఈసారి ప్రయోగం ముగిసేసరికి ఫలితాలు మొదటిదాని కంటే మెరుగ్గా వచ్చాయి. దాచుకోవలసిన అవసరం లేకపోయేసరికి ఎక్కువమంది పెట్టించుకున్నారు. మధ్యలో తీయించుకున్నవాళ్లు తక్కువ. కాన్పు కాన్పుకూ ఎడం పెరిగింది. పుట్టిన బిడ్డలు నిండుగా పుట్టారు. ఇంకో సంగతి ఎవరూ అనుకోనిది. తమంతట తాము బిళ్ల అడిగి తీసుకున్న ఆడవాళ్లు కాన్పుకు ముందు వైద్య పరీక్షలకు తప్పకుండా వచ్చారు. తాము కోరి తెచ్చుకున్న కడుపని వాళ్ల నడకలోనే తెలుస్తోందని నాగమణి అనేది.

ఢిల్లీలో పార్లమెంటు సభ్యుల సంఘం ఎదుట చందన ఆ వివరాలు చెప్పింది. ఆమె పక్కన వైదేహి ఉంది. వెనక వరుసలో ముజఫ్ఫర్ ఉన్నారు. ఒక సభ్యుడు అడిగాడు.

"బాగుందమ్మా. మరి ఈ రోజుకి ఎంతమంది స్త్రీలు మళ్లీ గర్భం ధరించడానికి సిద్ధంగా ఉన్నారు? ఆ సంఖ్య ఉంటే మాకు పథకాలు వేసుకోవడానికి పనికొస్తుంది."

"ఆ సంఖ్య మా దగ్గర లేదండీ."

"ఎప్పటికి వస్తుంది?"

చందన జవాబివ్వబోతుంటే వైదేహి ముందే అందుకుంది. "ఎప్పటికీ రాదు సార్. రాకుండా ఉండేలా కట్టారు దాన్ని. దీని కోసం వీళ్లు ఒకసారి ఈ కార్యక్రమాన్నే ఆపారు. ఆ రోజు వీళ్లతో పోట్లాడింది నేనే. ఆ ఆలస్యంలో పోయిన తల్లులను నేను మర్చిపోను, వీళ్లూ మర్చిపోరు. అయినా ఈ రోజు నేను వీళ్ల పక్కనే నిలబడతాను."

ఆ మాటకు చందన తల వంచుకుంది. వెనక్కి తిరిగి చూసేసరికి ముజఫ్ఫర్ రుమాలుతో అద్దాలు తుడుచుకుంటున్నారు. ఎంతసేపు తుడిచినా అవి ఆయనకు శుభ్రం కావడం లేదు.

ఊట దేశమంతటా మొదలైన వారానికి చందన నారాయణపేట వెళ్లింది. ఆ రోజు ఆరోగ్య కేంద్రం వరండా ఆడవాళ్లతో కిక్కిరిసి ఉంది. నవనీత లోపల కొత్తవాళ్లకు వివరం చెబుతోంది. ఆమె గీసిన అంచు డిజైన్ అప్పటికే నాలుగు మగ్గాల మీద నేతకెక్కింది. మేఘన చెయ్యి పట్టుకుని భారతమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. చందన వెళ్లి తల్లి వెనక నిలబడింది. అంతలో దూరపు చుట్టం ఒకావిడ వచ్చి భారతమ్మ పక్కన చతికిలబడింది.

"ఏం వదినా, మనుమరాలికి తోడు ఎప్పుడు? నీ కోడలికి నీళ్లు తియ్యగైనయా లేదా?"

"నాకెట్ల ఎరుక? నోరు ఆమెది."

"అత్తవు గద. అడుగరాదు?"

"అడుగ. చెప్పబుద్ధైతె ఆమెనే చెప్తది, లేకుంటె లేదు." భారతమ్మ మెడ నిటారుగా చేసి, వరండా అంతా వినబడేలా గొంతు పెంచింది. "ఏమనుకున్నవ్ మల్ల? అది మా చందన చేసిన మిషన్. నా అసొంటి అత్తలకు అంతుచిక్కకుంట చేసింది."